సమాజపు సుదూర భవిష్యత్తు, సంక్లిష్టతా శాస్త్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్లిష్టతా శాస్త్రం దేన్ని అధ్యయనం చేస్తుంది?

అనేక భాగాలు ఒకదానిపై ఒకటి ప్రభావం చూపుతూ, పరిస్థితిని బట్టి తమ ప్రవర్తనను మార్చుకుంటూ ఉన్నప్పుడు, ఏ ఒక్క భాగంలోనూ విడిగా కనిపించని లక్షణాలు మొత్తం వ్యవస్థలో పుట్టుకొస్తాయి. చీమల పుట్ట, మెదడు, మార్కెట్, నగరం, భూగోళ వాతావరణం ఈ కోవలోకి వస్తాయి. ఇలాంటి వ్యవస్థలు ఎలా ఏర్పడతాయి, ఎలా నిలదొక్కుకుంటాయి, ఎప్పుడు ఉన్నట్టుండి మారిపోతాయి అన్నవి ఈ శాస్త్రం అడిగే ప్రశ్నలు.

గణిత శాస్త్రజ్ఞుడు వారెన్ వీవర్ 1948లో రాసిన ఒక వ్యాసంలో శాస్త్ర సమస్యలను మూడు తరగతులుగా విడదీశారు. రెండు మూడు చరరాశులతో, అంటే విలువ మారే అంశాలతో, తేలిపోయేవి మొదటి తరగతి. వాయువులోని కోటానుకోట్ల అణువుల్లా, విడి అణువును పట్టించుకోకుండా సగటులతో పని జరిగిపోయేవి రెండో తరగతి. ఈ రెండింటికీ మధ్య, చరరాశులు చాలానే ఉండి, అవన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకుపోవడం వల్ల విడగొట్టి చూసినా, సగటు కట్టినా అసలు విషయం చేజారిపోయేవి మూడో తరగతి. రాబోయే యాభై ఏళ్లలో శాస్త్రం ఈ మూడో తరగతితో తలపడడం నేర్చుకోవాలని ఆయన అన్నారు. 1984లో అమెరికాలోని న్యూమెక్సికోలో మొదలైన శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ ఆ పనినే ప్రధాన లక్ష్యంగా పెట్టుకుంది.

మనుషులు అణువులు కారు కదా, సమాజాన్ని ఈ పద్ధతిలో చూడడం సబబేనా?

కారు. అందుకే భౌతిక శాస్త్ర పద్ధతులను యథాతథంగా తెచ్చి సమాజానికి అతికిస్తే ప్రయోజనం ఉండదు. అణువుకు తన గురించి రాసిన సమీకరణం తెలియదు, మనిషికి తెలుస్తుంది. ఒక బ్యాంకు దివాలా తీయబోతోందన్న మాట బయటికి పొక్కితే డిపాజిటర్లు డబ్బు వెనక్కి తీసుకోవడానికి పరుగెత్తుతారు, ఆ పరుగే బ్యాంకును దివాలా తీయిస్తుంది. అంటువ్యాధి విజృంభించబోతోందన్న అంచనా విని జనం ఇళ్లు కదలకుండా ఉంటే ఆ అంచనా తప్పుతుంది, అలా తప్పడం కోసమే దాన్ని ప్రకటిస్తారు. చేసిన అంచనా కూడా వ్యవస్థలో ఒక భాగమైపోవడమే సమాజాన్ని అధ్యయనం చేయడంలోని అసలు కష్టం. ఈ కష్టాన్ని పక్కన పెట్టకుండా దాన్నే అధ్యయన వస్తువుగా తీసుకోవడం సంక్లిష్టతా శాస్త్రానికి ఉన్న ముఖ్యమైన యోగ్యత అని చెప్పవచ్చు.

సుదూర భవిష్యత్తు అంటే ఎన్నేళ్లు?

అది సమస్యను బట్టి ఉంటుంది. నగర నిర్మాణానికి, ఇంధన వ్యవస్థలకు అరవై డెబ్బై ఏళ్ల చూపు కనీసంగా అవసరం. ఈ రోజు గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వేల ఏళ్ల తరవాత కూడా వాతావరణంలోనే ఉంటుంది కాబట్టి సముద్ర మట్టం గురించి ఆలోచించేవారు శతాబ్దాల్లో లెక్క వేయాలి. ఫిన్లాండ్‌లోని ఓంకలో వద్ద, భూమికి 400 మీటర్లకు పైగా లోతున, వాడేసిన అణు ఇంధనాన్ని భద్రపరచడానికి తవ్విన సొరంగాల విషయంలో లక్ష ఏళ్ల దాకా భద్రతను పరిశీలించారు. ఎన్నికల గడువు, బడ్జెట్ సంవత్సరం, కంపెనీ త్రైమాసికం అనే కొలతలకు ఇవేవీ లొంగవు.

అయితే ఈ శాస్త్రం భవిష్యత్తును ముందుగా చెప్పగలదా?

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో స్పష్టంగా చూపించడం కూడా ఈ శాస్త్రం సాధించిన విషయాల్లో ఒకటి.

1961లో వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్‌లో ఒక చిన్న వాతావరణ నమూనాను నడుపుతున్నారు. ఒక ఫలితాన్ని మరికొంత దూరం పొడిగించి చూడాలనుకుని, మొదటినుంచీ కాకుండా నడుమ నుంచి మొదలుపెట్టారు. యంత్రం లోపల ఉన్న విలువ 0.506127 అయితే, కాగితంపై ముద్రితమైనది 0.506. ఆయన ఆ మూడు అంకెలే టైపు చేశారు. కొంతసేపు రెండు గీతలూ కలిసే నడిచాయి, ఆ తరవాత క్రమంగా విడిపోయి ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. యంత్రంలో లోపం లేదు, సమీకరణాల్లో యాదృచ్ఛికత అసలే లేదు. ఆరంభంలోని అతిచిన్న తేడా కాలంతోపాటు రెట్టింపవుతూ పోవడమే కారణం. 1963లో ఆయన దీన్ని ప్రచురించారు. రోజువారీ వాతావరణాన్ని దాదాపు రెండు వారాలకు మించి వివరంగా చెప్పలేమన్న అవగాహనకు మూలం ఇదే.

సమాజంలో దీనికి ఇంకో అడ్డంకి తోడవుతుంది. లోరెంజ్ నమూనాలో చరరాశుల జాబితా ముందే స్థిరపడి ఉంది, సమాజంలో ఆ జాబితాయే మారుతూ ఉంటుంది. 1900లో ఎంత శ్రద్ధగా అంచనా వేసినా అందులో ఇంటర్నెట్ అనే అంశానికి చోటు దొరికేది కాదు.

అయినా దీనివల్ల చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పని లేదు. పది రోజుల తరవాత ఏ గంటకు వాన పడుతుందో చెప్పలేకపోయినా, వేసవి కన్నా చలికాలం చల్లగా ఉంటుందని నిశ్చయంగా చెప్పగలం. అలాగే, ఏ ఏడాది ఏ సంక్షోభం వస్తుందో చెప్పలేకపోయినా, ఏ రకం నిర్మాణం ఉన్న వ్యవస్థ దెబ్బ తగిలితే తేరుకుంటుందో, ఏది కుప్పకూలుతుందో చాలావరకు చెప్పగలం. ఈ పేజీలోని మిగతా జవాబులన్నీ ఈ రెండో రకం జ్ఞానం గురించినవే.

అలాంటి జ్ఞానానికి ఒక ఉదాహరణ చెప్పండి.

ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో ప్రచురించిన నమూనాను కంప్యూటర్ లేకుండానే ఎవరైనా చేసి చూడవచ్చు. ఒక గళ్ల బల్ల తీసుకుని, దానిపై రెండు రకాల నాణేలను ఇష్టం వచ్చినట్టు పరచి, కొన్ని గళ్లను ఖాళీగా వదలాలి. ప్రతి నాణేనికీ ఒకటే కోరిక: చుట్టూ ఉన్నవారిలో కనీసం మూడో వంతు తన రకం వారు ఉండాలి. అంటే, తాను అల్పసంఖ్యలో ఉండడానికి దానికి అభ్యంతరం లేదు. ఆ కోరిక తీరని నాణేన్ని ఖాళీ గడికి జరుపుతూ పోతే, కొద్దిసేపటికే బల్ల మీద రెండు రకాలూ వేర్వేరు పేటలుగా విడిపోతాయి, చాలా నాణేల చుట్టూ తమ రకమే అత్యధికంగా మిగులుతుంది.

ఆ విభజనను ఏ నాణెమూ కోరుకోలేదు. నిజమైన నగరాల్లో పేటలు విడిపోవడానికి చట్టాలు, వివక్ష, ఆదాయాల తేడాలు వంటి బలమైన కారణాలు ఉన్నాయి కాబట్టి ఈ నమూనా వాటి చరిత్రకు ప్రత్యామ్నాయం కాదు. అయితే వ్యక్తుల ఉద్దేశాలను చూసి సమాజపు గమనాన్ని అంచనా వేయడం ఎంత ప్రమాదకరమో ఇది తిరుగులేకుండా రుజువు చేస్తుంది. అందరూ మంచివారైతే భవిష్యత్తు దానంతటదే మంచిగా ఉంటుందన్న నమ్మకానికి ఇక్కడ ఆధారం దొరకదు.

1972లో వెలువడిన ‘వృద్ధికి పరిమితులు’ నివేదిక తప్పిందని అంటారు. నిజమేనా?

ఈ విషయం మీద వచ్చినన్ని అపోహలు మరి దేనిమీదా రాలేదు. క్లబ్ ఆఫ్ రోమ్ అనే సంస్థ కోరిక మీద, అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ అభివృద్ధి చేసిన పద్ధతి ఆధారంగా, డోనెల్లా మెడోస్, డెనిస్ మెడోస్ తదితరులు వరల్డ్-3 అనే కంప్యూటర్ నమూనాను తయారుచేశారు. జనాభా, పారిశ్రామిక ఉత్పత్తి, ఆహారం, తరిగిపోయే వనరులు, కాలుష్యం అనే ఐదు అంశాలు అందులో ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. నివేదిక ఒకే జోస్యం చెప్పలేదు, వేర్వేరు ఊహలతో పన్నెండు దృశ్యాలను ముందుంచింది. 2000 నాటికి వనరులన్నీ అయిపోతాయని అది చెప్పిందన్న ప్రచారం సరికాదు. అలవాటైన దారిలోనే సాగిపోతే క్షీణత 21వ శతాబ్దంలో మొదలవుతుందని ఆ దృశ్యాల్లో ప్రధానమైనది చూపింది. ఆ తరవాత పరిశోధకులు గ్రాహమ్ టర్నర్ 2008లో, గయా హెరింగ్టన్ 2021లో నమూనాను వాస్తవ గణాంకాలతో పోల్చి, అప్పటిదాకా అవి కొన్ని దృశ్యాలకు గణనీయంగా దగ్గరగానే నడిచాయని చూపారు. అయితే ఆ దృశ్యాలు ఒకదానినుంచి మరొకటి స్పష్టంగా విడిపోయే కాలం ఇంకా ముందే ఉంది కాబట్టి, ఈ దగ్గరితనాన్ని రుజువుగా తీసుకోకూడదు.

లోపాలు లేకపోలేదు. ప్రపంచాన్నంతటినీ ఒకే సగటు దేశంగా చూడడం వల్ల ధనిక, పేద ప్రాంతాల తేడా నమూనాలో మాయమైంది. ధరలు పెరిగినప్పుడు మనుషులు వేరే పదార్థాలకు మళ్లే తీరు అందులో సరిగా రాలేదని ఆర్థికవేత్తలు చేసిన విమర్శలో న్యాయం ఉంది. కానీ ఆ నివేదిక నేర్పిన ప్రధాన పాఠం అంకెల్లో లేదు, ఆలస్యంలో ఉంది. కాలుష్యం వెలువడడానికీ, దాని హాని కనిపించడానికీ, కనిపించిన హానిపై చర్య తీసుకోవడానికీ మధ్య కాలం గడిచిపోతుంది. ఆ గడిచిన కాలంలో వ్యవస్థ హద్దు దాటి ముందుకు వెళ్లిపోతుంది. అందుకే హద్దు కనబడ్డాక బ్రేకు వేద్దామనుకునే సమాజం హద్దు దగ్గర ఆగలేకపోతుంది.

టిప్పింగ్ పాయింట్ అన్న మాట తరచుగా వినిపిస్తోంది. అది జరిగే తీరు ఏమిటి?

నెమ్మదిగా పేరుకున్న ఒత్తిడి వల్ల వ్యవస్థ ఉన్నట్టుండి మరో స్థితిలోకి జారిపోయే మలుపును టిప్పింగ్ పాయింట్ అంటారు. లోతు తక్కువ ఉన్న ఒక మంచినీటి సరస్సును తీసుకుందాం. నీరు తేటగా ఉంటుంది, వెలుగు అడుగుదాకా చేరుతుంది, అడుగున మొక్కలు పెరుగుతాయి. ఆ మొక్కల వేళ్లు బురదను కదలనివ్వవు, నీటిలోని పోషకాలను అవే వాడుకుంటాయి, నీరు ఇంకా తేటగా ఉంటుంది. ఇప్పుడు పొలాల నుంచి ఎరువుల భాస్వరం ఏటా కొంచెం కొంచెంగా సరస్సులోకి చేరుతోందనుకుందాం. ఏళ్ల తరబడి పైకి ఏ మార్పూ కనిపించదు, ఎందుకంటే మొక్కలు ఆ భారాన్ని మోస్తూ ఉంటాయి. ఒక స్థాయి దాటాక నాచు పెరిగి వెలుగును అడ్డుకుంటుంది, మొక్కలు చస్తాయి, వేళ్ల పట్టు తప్పిన బురద పైకి లేస్తుంది, అడుగును కెలికే చేపలు పెరిగి దాన్ని మరింత రేపుతాయి. సరస్సు కొద్దికాలంలోనే పచ్చటి మడుగుగా మారుతుంది.

అసలు చిక్కు ఆ తరవాత మొదలవుతుంది. భాస్వరాన్ని మార్పుకు ముందున్న స్థాయికి తగ్గించినా నీరు తేటపడదు, అంతకన్నా చాలా కిందికి తేవలసి వస్తుంది. వెళ్లిన దారి, తిరిగి వచ్చే దారి ఒకటి కాకపోవడాన్ని హిస్టెరిసిస్ అంటారు. నెదర్లాండ్స్‌లో కొన్ని సరస్సుల్లో బురద కెలికే చేపలను పెద్ద ఎత్తున తొలగించి, వ్యవస్థను మళ్లీ తేట స్థితిలోకి నెట్టగలిగారు.

మానవ సమాజానికి ఇది నేరుగా తగిలిన సందర్భం న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలోని కాడ్ చేపల పతనం. శతాబ్దాలపాటు వేలాది కుటుంబాలను పోషించిన ఆ చేప దాదాపు కనుమరుగవడంతో 1992 జులైలో కెనడా ప్రభుత్వం వేటను నిషేధించింది. రెండేళ్లలో చేపలు తిరిగి పెరుగుతాయన్న ఆశతో విధించిన ఆ నిషేధం 2024 దాకా కొనసాగింది. దాదాపు ముప్పై వేల మంది జీవనోపాధి కోల్పోయారు. వలలు ఎత్తేసినంత మాత్రాన సముద్రం పాత స్థితికి రాలేదు.

అలాంటి మలుపులను ముందే పసిగట్టవచ్చా?

కొన్నింటిని, కొంతవరకు. మలుపుకు దగ్గరవుతున్న వ్యవస్థ చిన్న కుదుపు తగిలినా తేరుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. నిన్నటి స్థితికీ ఇవాళ్టి స్థితికీ పోలిక పెరుగుతుంది, ఒడిదుడుకుల పరిమాణం పెరుగుతుంది. జీవావరణ శాస్త్రజ్ఞుడు మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు 2009లో ఈ సంకేతాలను సమగ్రంగా వివరించారు, సరస్సుల మీద చేసిన ప్రయోగాల్లో ఇవి కనిపించాయి కూడా.

సమాజం విషయంలో ఇంత ధీమా పనికిరాదు. ఈ సంకేతాలు తేలాలంటే దీర్ఘమైన, ఎడతెగని కొలతలు కావాలి. సంస్థలపై ప్రజల విశ్వాసం వంటి వాటికి అలాంటి కొలతలు కొన్ని దశాబ్దాలకు మించి లేవు. పైగా బయటి నుంచి పెద్ద దెబ్బ తగిలి జరిగే మార్పులకు ఏ ముందస్తు సంకేతమూ ఉండదు. కాబట్టి ‘సంకేతం లేదు’ అన్నదాన్ని ‘ప్రమాదం లేదు’ అని చదువుకోకూడదు.

చరిత్రలో గణిత సూత్రాలు ఉన్నాయా?

ఉన్నాయని గట్టిగా వాదించేవారిలో పీటర్ టర్చిన్ ప్రముఖులు. జీవ జనాభాల గణితం నుంచి చరిత్రలోకి వచ్చిన ఆయన ఈ అధ్యయనానికి క్లియోడైనమిక్స్ అని పేరు పెట్టారు, 2011లో మొదలైన సెషాట్ అనే చారిత్రక సమాచార నిధి స్థాపకుల్లో ఒకరు. సామాన్యుల ఆదాయాలు నిలిచిపోవడం, పదవులకన్నా పదవులు ఆశించే ఉన్నత వర్గీయుల సంఖ్య పెరిగిపోవడం, రాజ్య ఆర్థిక స్థితి దిగజారడం కలిసినప్పుడు అశాంతి పెరుగుతుందని ఆయన వాదన. 2010లో నేచర్ పత్రికకు రాసిన లేఖలో, రాబోయే దశాబ్దంలో అమెరికాలోనూ పశ్చిమ ఐరోపాలోనూ అస్థిరత పెరిగే అవకాశం ఉందని ఆయన హెచ్చరించారు. 2020 నాటి అమెరికా పరిస్థితులు చూశాక ఆ లేఖను చాలామంది గుర్తుచేసుకున్నారు. అయితే ఒక్క అంచనా నిజమైనంత మాత్రాన సిద్ధాంతం నిలబడదు. చరిత్రకారుల అభ్యంతరం కూడా బలమైనదే: గతం నుంచి మనకు మిగిలిన ఆధారాలు ఎవరు ఏది రాసి భద్రపరిచారన్నదాన్ని బట్టి ఒరిగి ఉంటాయి, వాటిని అంకెలుగా మార్చినప్పుడు ఆ ఒరుగు కూడా అంకెల్లోకి చేరుతుంది.

సమాజాల పతనంపై మానవ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ టేంటర్ 1988లో ముందుకు తెచ్చిన వాదన నాకు ఇంతకన్నా లోతుగా అనిపిస్తుంది. సమాజం తన సమస్యలను పరిష్కరించుకోవడానికి కొత్త అధికార శ్రేణులను, సైన్యాలను, నియమాలను చేర్చుకుంటూ పోతుంది. మొదట్లో వాటివల్ల లాభం ఎక్కువ, పోనుపోను ఖర్చు పెరిగి లాభం తగ్గుతుంది. ఆయన చూపిన ఉదాహరణ రోమ్. అగస్టస్ కాలంలో దాదాపు శుద్ధమైన వెండితో ముద్రించిన నాణెం, సైన్యపు ఖర్చులు భరించలేని చక్రవర్తుల చేతుల్లో క్రమంగా పలచబడి, మూడో శతాబ్దం రెండో సగానికి ఐదు శాతం కూడా వెండి లేని రాగి ముక్కగా మిగిలింది. ఆ చక్రవర్తుల్లో ప్రతివాడూ తన ముందున్న సంక్షోభానికి ఏదో ఒక పరిష్కారమే చూశాడు. ఆ పరిష్కారాల బరువే తరవాతి వారికి సమస్య అయింది.

సగటు చూసి, ప్రపంచం మెరుగుపడుతోందని ధైర్యం చెప్పుకోవచ్చా?

మనుషుల ఎత్తుల్లాంటి విషయాల్లో సగటు నమ్మదగినది, సగటుకు పది రెట్లు ఎత్తున్న మనిషి ఎక్కడా ఉండడు. యుద్ధాల్లో, మహమ్మారుల్లో, ఆర్థిక సంక్షోభాల్లో ఒక్క సంఘటనే మిగతావన్నీ కలిపినదానికన్నా పెద్దది కావచ్చు. వాతావరణ శాస్త్రజ్ఞుడూ శాంతివాదీ అయిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ నడిపారు, ఆ తరవాత యుద్ధ మరణాల లెక్కలు సేకరించి ఈ లక్షణాన్ని తొలిసారి చూపించారు. 1823 నుంచి 2003 దాకా దేశాల మధ్య జరిగిన 95 యుద్ధాలను పరిశీలించిన ఆరన్ క్లాసెట్, రెండో ప్రపంచ యుద్ధం తరవాతి ప్రశాంతత గణాంకపరంగా కొత్త ధోరణి అని నిర్ధారించాలంటే అది మరో 100 నుంచి 140 ఏళ్లు కొనసాగాలని 2018లో తేల్చారు. శాంతి అబద్ధమని దీని అర్థం కాదు, దాన్ని నిలబెట్టే పని పూర్తయిందని అనుకోవడానికి ఇంకా ఆధారం లేదని మాత్రమే.

ప్రపంచం ఇంతగా ముడిపడడం బలమా, బలహీనతా?

రెండూ. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఒక్క నౌక సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు నిలిచిపోతే ఆ కాలువ గుండా సాగే సరకు రవాణా స్తంభించింది. 2003 సెప్టెంబరు 28న ఇటలీ దాదాపు మొత్తం చీకటైంది. ఆ సంఘటన ప్రేరణతో 2010లో వెలువడిన ఒక ప్రసిద్ధ విశ్లేషణ, ఒకదానిపై ఒకటి ఆధారపడే నెట్‌వర్కుల స్వభావాన్ని బయటపెట్టింది. విద్యుత్ కేంద్రాలు ఆగితే వాటి మీద నడిచే సమాచార నెట్‌వర్కు కూలుతుంది, ఆ సమాచారం అందక మరిన్ని విద్యుత్ కేంద్రాలు ఆగుతాయి. విడిగా గట్టిగా ఉన్న రెండు నెట్‌వర్కులు కలిసినప్పుడు పెళుసుగా మారగలవు.

జీవావరణ గణితంలో దిగ్గజమైన రాబర్ట్ మే, 2008 ఆర్థిక సంక్షోభం ముదురుతున్న ఏడాదిలోనే, బ్యాంకుల నెట్‌వర్కును ఆహార గొలుసులతో పోలుస్తూ ఇద్దరు సహచరులతో కలిసి ఒక వ్యాసం రాశారు. ఒక్కొక్క బ్యాంకు తన ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి అందరూ చేసేదే చేస్తే మొత్తం వ్యవస్థ ప్రమాదం పెరుగుతుంది.

దీనికి మందు తెగతెంపులు కాదు. దుర్భిక్షం వచ్చిన చోటికి ధాన్యం చేరేది కూడా ఆ ముడుల గుండానే. హెర్బర్ట్ సైమన్ 1962లో చెప్పినట్టు, నిలిచే వ్యవస్థలు లోపల గట్టిగా ముడిపడిన చిన్న విభాగాలుగా ఉంటాయి, ఆ విభాగాల మధ్య ముడులు కాస్త వదులుగా ఉంటాయి. ఆ వదులు వల్ల ఒక విభాగంలో రేగిన మంట పక్క విభాగానికి వెంటనే పాకదు. ఇందుకోసం కొంత నిల్వ, కొంత ఖాళీ సామర్థ్యం అట్టిపెట్టుకోవాలి, మామూలు రోజుల్లో అది వృథా ఖర్చుగానే కనిపిస్తుంది.

మానవజాతి అంతరించే ముప్పుల అధ్యయనానికీ దీనికీ తేడా ఏమిటి?

ముప్పుల అధ్యయనం తరచుగా ఒక్కొక్క ప్రమాదాన్ని విడిగా తీసుకుని దాని సంభావ్యతను అడుగుతుంది. గ్రహశకలాల విషయంలో ఆ పద్ధతి బాగా పనిచేస్తుంది. 2022 సెప్టెంబరు 26న నాసా పంపిన డార్ట్ వ్యోమనౌక డైమార్ఫస్ అనే చిన్న శకలాన్ని ఢీకొని, అది మరో పెద్ద శకలం చుట్టూ తిరిగే కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. గ్రహశకలం మన ప్రయత్నాన్ని చూసి దారి మార్చుకోదు. అణ్వస్త్రాలు, కృత్రిమ మేధ, కృత్రిమంగా తయారుచేయగల రోగకారకాలు అలాంటివి కావు. అవి పోటీ, భయం, అనుకరణలతో నడుస్తాయి. వాటిలో ముప్పు వస్తువులో కన్నా, దాని చుట్టూ ఉన్న సంబంధాల అల్లికలో ఎక్కువగా ఉంటుంది.

ఇంత అనిశ్చితి ఉంటే ప్రణాళిక వేయడం ఎలా?

ఒక్క భవిష్యత్తును ఎంచుకుని దానికి అత్యుత్తమమైన పథకం వేయడం మానేయాలి. ఎన్నో భవిష్యత్తుల్లో ఫరవాలేదనిపించే, దారి మార్చుకోవడానికి వీలున్న పథకం వేయాలి. ఈ పద్ధతి లండన్‌లో ఇప్పటికే అమలులో ఉంది.

1953లో ఉత్తర సముద్రపు వరద నెదర్లాండ్స్‌లో 1,800 మందికి పైగా, ఇంగ్లండ్‌లో 300 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ అనుభవం నుంచి పుట్టిన థేమ్స్ బ్యారియర్, అంటే లండన్‌ను వరద నుంచి కాపాడేందుకు థేమ్స్ నదికి అడ్డంగా కట్టిన గేట్ల వరుస, 1982 నుంచి పనిచేస్తోంది. సముద్ర మట్టం ఎంత పెరుగుతుందో ఖాయంగా తెలియని స్థితిలో, 2012లో ఆమోదించిన థేమ్స్ ఎస్చురీ 2100 ప్రణాళిక ఒకే నిర్మాణాన్ని ఖరారు చేయలేదు. సముద్ర మట్టం, నదీ ప్రవాహం, బ్యారియర్‌ను ఎన్నిసార్లు మూయవలసి వస్తోంది మొదలైన సూచికలను గమనిస్తూ, అవి ఒక స్థాయికి చేరబోతున్నాయనగానే తదుపరి దారికి మళ్లేలా వరుసలు సిద్ధం చేసింది. గేట్లను ఏడాదికి యాభైసార్లకు మించి మూయకూడదన్నది ఒక మార్గదర్శక పరిమితి. 2013-14 చలికాలంలో ఒక్క ఏడాదే ఆ సంఖ్య యాభైకి చేరింది. అది అసాధారణ సంవత్సరం కావచ్చు, ధోరణికి ఆరంభం కావచ్చు. ఏదని తేల్చేది ఆ ఒక్క ఏడాది కాదు, ఏళ్ల తరబడి సాగే పరిశీలన. కొత్త నిర్మాణానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి నిర్ణయం అవసరానికి చాలా ముందే జరగాలి, ఆ నిర్ణయానికి వీలుగా అవసరమైన స్థలాన్ని ఇప్పటినుంచే కాపాడాలి.

ప్రపంచ స్థాయిలో ఇలాంటి విజయం ఏదైనా ఉందా?

ఓజోన్ పొర విషయంలో జరిగింది. అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రాన్ని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985లో ప్రకటించారు, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మొదటి ఒప్పందం చాలా చిన్నది, ఓజోన్‌ను దెబ్బతీసే క్లోరోఫ్లోరోకార్బన్ రసాయనాలను ఈ శతాబ్దం రాకముందే సగానికి తగ్గించాలని మాత్రమే కోరింది. దాని బలమంతా అది మారగలిగేలా రాసుకోవడంలో ఉంది. శాస్త్రీయ, సాంకేతిక బృందాలు క్రమం తప్పకుండా స్థితిని సమీక్షిస్తాయి, ఆ సమీక్షల ఆధారంగా 1990లో లండన్‌లో, 1992లో కోపెన్‌హాగన్‌లో, 2016లో కిగాలీలో ఒప్పందాన్ని బిగిస్తూ వచ్చారు. ఓజోన్ కోలుకుంటోంది, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి చేరుతుందని అంచనా.

ఉమ్మడి వనరులపై పరిశోధనకు 2009లో ఆర్థిక శాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ దీనికి మరో కోణం జోడించారు. ఒకే కేంద్రం నుంచి ఒకే నియమం కాకుండా, అనేక స్థాయిల్లో అనేక కేంద్రాలు ప్రయత్నిస్తూ ఒకదాన్నుంచి మరొకటి నేర్చుకుంటే, ఒకచోట జరిగిన తప్పు అన్నిచోట్లా జరగదని ఆమె వివరించారు.

ఈ రంగంపై న్యాయమైన విమర్శలు ఏవి?

ఉపమానాన్ని రుజువుగా చలామణి చేయడం మొదటిది. సరస్సుకు టిప్పింగ్ పాయింట్ ఉన్నంత మాత్రాన ప్రజాస్వామ్యానికి కూడా అదే తీరులో ఉంటుందని చెప్పలేం, దాన్ని విడిగా చూపాలి. గణిత నియమాలను ఎక్కడపడితే అక్కడ చూసే అలవాటు రెండోది. ఎన్నో నెట్‌వర్కులు ఒకే పవర్ లాను (కొద్ది భాగాలకే విపరీతంగా సంబంధాలు, మిగతా వాటికి చాలా తక్కువ ఉండే గణిత నియమాన్ని) అనుసరిస్తాయని చాలాకాలం చెప్పుకున్నారు. దాదాపు వెయ్యి నెట్‌వర్కులను కఠినమైన పరీక్షలకు గురిచేసిన 2019 నాటి అధ్యయనం, బలమైన ఆధారం నాలుగు శాతానికే ఉందని చూపింది.

మూడో విమర్శ నాకు అన్నిటికన్నా ముఖ్యం. ‘వ్యవస్థ నిలబడాలి’ అన్న మాటలో ఎవరికోసం నిలబడాలన్న ప్రశ్న దాగి ఉంటుంది. నిరంకుశ పాలన కూడా ఎన్నో దెబ్బలకు తట్టుకుని దశాబ్దాలపాటు నిలబడగలదు. తట్టుకునే శక్తిని కొలవడం శాస్త్రం పని, దేన్ని తట్టుకునేలా చేయాలో తేల్చుకోవడం ప్రజల పని.

ఇంకా పుట్టనివారి తరఫున ఎవరు మాట్లాడతారు?

బ్రిటన్‌లోని వేల్స్ 2015లో భావి తరాల సంక్షేమం కోసం చట్టం చేసి, ప్రభుత్వ సంస్థల నిర్ణయాలను ఆ కోణంలో పరిశీలించడానికి ఒక కమిషనర్‌ను నియమించింది. కమిషనర్‌కు నిర్ణయాలను రద్దుచేసే అధికారం లేదు, సలహా ఇచ్చి, సమీక్షించి, బహిరంగంగా ప్రశ్నించే అధికారం ఉంది. భావి తరాలకు ఏది ఇష్టమో మనకు తెలియదు కాబట్టి వారికి బదులుగా కోరికలు కోరడం కన్నా, వారు ఎంచుకోగలిగే దారులు మన చేతుల్లో మూసుకుపోకుండా చూడడమే సమంజసమైన బాధ్యత. చేపలు లేని సముద్రం, అంతరించిన భాష, ప్రశ్నించడానికి వీల్లేని అధికారం వారికి మిగలకూడదు.

ఈ అధ్యయనంలోకి రావాలనుకునేవారు ఏం నేర్చుకోవాలి?

సంభావ్యతా శాస్త్రం, అవకలన సమీకరణాల ప్రాథమికాంశాలు, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష అవసరం. ఉరి విలెన్‌స్కీ 1999లో రూపొందించిన నెట్‌లోగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉన్న నమూనాలతో మొదలుపెట్టడం తేలిక. నమూనాను నడిపి బొమ్మ చూసి ఆగిపోకుండా, ఒక్కొక్క ఊహనూ మార్చి ఫలితం ఎక్కడ విరుగుతుందో వెతకాలి, ఎందుకంటే నమూనా గురించి తెలుసుకోవలసినది ఆ విరిగే చోటే ఉంటుంది. దీంతోపాటు ఒక్క ప్రాంతపు చరిత్రనైనా, ఒక్క వృత్తినైనా, ఒక్క నదినైనా ఏళ్ల తరబడి దగ్గరగా చదవాలి. గణితం బాగా వచ్చి తాను నమూనా కట్టే విషయం తెలియనివారి అంచనాలు విధాన నిర్ణయాల్లోకి వెళ్లినప్పుడు, ఆ తప్పుల భారం మోసేది ఆ నమూనాలో చుక్కలుగా కనిపించిన మనుషులే.